అవ్వ మానేసిన కాఫీ

ఆ రోజుల్లో నాకు వైద్యం సగం వచ్చేసిందని గట్టి నమ్మకం. జార్జియా దేశంలో మెడిసిన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మెడలో స్టెతస్కోపు వేసుకొని అద్దం ముందు ఫోటో తీసి తమిళనాడులో మా ఊరు ధర్మపురికి పంపితే, దాన్ని నాయన మా చింతపండు మండీకి వచ్చినవాళ్ళకంతా చూపించేవాడు. ఊళ్ళో ఎవరికి దగ్గొచ్చినా ఫోన్లోనే మందు చెప్పేదాన్ని. అంతటి డాక్టరమ్మకు తన కళ్ళు పచ్చబడిన సంగతి మాత్రం నాలుగు రోజులు తెలియలేదు. (బాత్రూములో లైటు రంగే అలాంటిదనుకున్నాను. మా రూమ్మేట్ ఇప్పటికీ ఈ మాట నలుగురిలో చెప్పి నవ్వుతుంది.) తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది.

ఆ రూమ్మేట్ శ్రీకాకుళం పిల్ల. వాలీబాల్ ఆడేది, నిండు నీళ్ళ డబ్బాను ఒంటిచేత్తో ఎత్తేది, అందుకని హాస్టల్లో అందరూ దాన్ని పహిల్వాన్ అనేవాళ్ళు. మంచులో నన్ను సగం నడిపించి, సగం మోసి ఆస్పత్రిలో చేర్చింది అదే. కామెర్లన్నారు. వారం రోజులు అక్కడే ఉండాలన్నారు, ఆ తర్వాత కూడా పూర్తిగా తగ్గడానికి నెలలు పట్టవచ్చన్నారు, ఒక్కోసారి తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుందని కూడా చెప్పారు. అంత దూరం ప్రయాణం చేసి ఇంటికి పోవడానికి ఒంట్లో ఓపిక లేదు. ఇంటి నుంచి ఎవరైనా రావాలన్నా నాయనకు పాస్‌పోర్టు లేదు, అమ్మ ఒంటరిగా పక్కనున్న హరూర్‌కు బస్సు కూడా ఎక్కి ఎరగదు. చేతికి గ్లూకోజు సూది పెట్టించుకొని, ఇంటికి ఫోన్ చేశాను.

ఇక్కడొక మాట చెప్పాలి. మా ఇంట్లో కామెర్ల పేరు ఎవరూ ఎత్తరు. నాయన తమ్ముడు, నేను చూడని మా చిన్నాయన, సేలంలో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు ఆ జబ్బుతోనే పోయాడు. ఇంట్లో భయపడతారని చివరి దాకా దాచిపెట్టాడట. కబురు తెలిసి అవ్వ వెళ్ళేసరికి కన్నతల్లిని గుర్తుపట్టే స్థితిలో లేడట. అప్పటినుంచి ఇంట్లో ఎవరి కంట్లో నలక పడినా, అవ్వ వేలితో రెప్ప కిందికి లాగి తెల్లగుడ్డు రంగు చూసిగానీ వదిలేది కాదు. చిన్నప్పుడు బడికి పోయేముందు నాకు రోజూ ఈ పరీక్ష జరిగేది. ఇంత చరిత్ర తెలిసీ నేను ఏం చేశానంటే, అమ్మ ఫోన్ ఎత్తగానే, స్పీకర్ వేసి ఉందా అని కూడా అడగకుండా, కామెర్లు వచ్చాయని, ఆస్పత్రిలో చేరానని ఒక్క గుక్కలో చెప్పేశాను.

స్పీకర్ వేసే ఉంది. పక్కన కూర్చొని అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. ఆమె చెయ్యి ఆగిపోవడం నాకు కనబడలేదు గానీ, పళ్ళెంలో గింజలు పడే చప్పుడు ఆగిపోవడం వినబడింది.

“ఎవురికి?” అంది అవ్వ.

“పాపకు కాదత్తా. దాని రూములో ఉండే పిల్లకు,” అంది అమ్మ. అబద్ధమాడి ఎరగని మా అమ్మ అంత వేగంగా ఎలా ఆడిందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

“దాని అమ్మ పోయిందా అక్కడికి?”

“దానికి అమ్మ లేదత్తా.”

అలా మా అమ్మ, కన్నకూతుర్ని తన నోటితోనే తల్లి లేనిదాన్ని చేసేసింది. తర్వాత మిద్దె మీదికి పోయి నాకు విడిగా ఫోన్ చేసి, ఎంత పాపిష్టి మాట అన్నానే అని ఏడ్చింది. నేను ఇక్కడ, ఆమె అక్కడ. ఓదార్చడానికి మూడోమనిషి పహిల్వాన్ ఒక్కతే. దానికి మా తమిళనాటి తెలుగు సగమే అర్థమయ్యేది కాబట్టి, ఫోన్ లాక్కొని “పర్లేదాంటీ, పర్లేదాంటీ” అని మాత్రం అంది.

అక్కడితో అబద్ధం ఆగితే బాగుండేది. కానీ తల్లి లేని పిల్ల, అందులోనూ హాస్టల్లో, అందులోనూ ఆ జబ్బు. అవ్వ ఆ పిల్లను అప్పటికప్పుడే దత్తత తీసుకున్నంత పని చేసింది. రోజూ మధ్యాహ్నం నాకు ఫోన్. గంజి కాచినావా, నూనె తగలనియ్యొద్దు, మోరు (మజ్జిగ) పలచగా చేసి పొయ్యి, దాన్ని ఒంటిగా ఇడిచిపెట్టి తిరగొద్దు. ఇన్ని చెప్పి, నా గొంతు విని తిట్లు మొదలుపెట్టేది. “ఏమ్మే, నోట్లో ముద్ద పెట్టుకొని మాట్లాడినట్ల మాట్లాడతావు? రోగం దానికా నీకా? తల్లి లేని బిడ్డకు రెండు దినాలు చాకిరీ చేసేదానికి నీకు ఒళ్ళు వంగదా?” తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకొని అన్నీ పడేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకు ఆ లేని పిల్ల మీద కుళ్ళుగా ఉండేది. ఒంట్లో అన్నం ఇమడక, ఒళ్ళంతా దురద పెట్టి పడున్నప్పుడు నాకు కావలసింది ఒక్కటే, అవ్వ నోట “నువ్వెట్లుండావు పాపా” అన్న మాట. ఆ ఒక్కటీ నాకు దక్కలేదు. దక్కవలసిందంతా ఆ పిల్లకే పోయేది.

సెలవులకు ఊరికి పోయి తిరిగి వస్తున్న ఒక సీనియర్ చేత అవ్వ రెండు పొట్లాలు పంపింది. ఆ పాపకు రాగిపిండి, కామెర్లకు మందని ఎండబెట్టిన నేల ఉసిరి. నాకు మురుకులు, మామిడికాయ ఊరగాయ. ఎవరి పొట్లం వాళ్ళే తినాలని కట్టడి. నేను రాగిజావ తాగాను. నా మురుకులు, నా ఊరగాయ పహిల్వాన్ నా కళ్ళెదురుగానే తినేసింది. (నేల ఉసిరి నేను తినలేదు. అంత వైద్యం మాత్రం వచ్చు. దిండు కింద పెట్టుకొని వాసన చూసేదాన్ని. మా పెరటి వాసన.)

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అమ్మ ఒక రోజు ఫోన్ చేసి, అవ్వ కాఫీ మానేసిందే అంది. మా అవ్వ సంగతి తెలిసినవాళ్ళు ఈ మాట నమ్మరు. తెల్లారి లేచి ఇత్తడి ఫిల్టరులో డికాషన్ దిగే దాకా ఎవరితోనూ మాట్లాడని మనిషి. తాతయ్య పోయిన రోజు కూడా, ఏడుపు మధ్యలో కాఫీ చల్లగా ఉందని వెనక్కి పంపిన మనిషి. అలాంటిది, ఆ పాపకు నయమయ్యే దాకా కాఫీ ముట్టనని దేవుడి ముందు మొక్కుకుందట. మా ఇళ్ళల్లో ఈ మొక్కుకు ఒక నియమం ఉంది. ఎవరికోసం మానుకున్నామో వాళ్ళే తమ నోటితో “నాకు నయమైంది, తాగు” అని చెప్పాలి. మధ్యవాళ్ళ మాట చెల్లదు.

రెండు వారాలకు అవ్వ పిల్లను చూపించమంది. వద్దంటే వినలేదు. చేసేదేం లేక పహిల్వాన్‌ను మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి గడ్డం దాకా కప్పి, జబ్బు కళ కోసం వంటింటి పసుపు చెంపలకు రుద్దాం. అది ఎక్కువై, పిల్ల రోగిలా కాక పెళ్ళికూతురిలా తయారైంది. ఫోన్ పట్టుకొని నేను ఇవతల నిలబడ్డాను. అవ్వ చాలాసేపు చూసి, “పాపం, ఎట్ల చిక్కిపోయిందో,” అంది. (ఎనభై కిలోల మనిషి.) తర్వాత రెప్ప కిందికి లాగి చూపించమంది. అనుకున్నట్టే పహిల్వాన్ కళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. అవ్వ ఇంకొంచెం దగ్గరగా పెట్టమని మళ్ళీ చూసింది. అప్పుడు, “ఫోను తిప్పు పాపా, నిన్నొకసారి చూస్తాను,” అంది. చార్జి అయిపోయిందని చెప్పి కట్ చేశాను.

నటన అయిన పది రోజులకు, ఆ ముసలామె కాఫీ లేక తలనొప్పితో పడుకుంటోందని విని పహిల్వాన్ మనసు కరిగింది. నాకు చెప్పకుండా ఫోన్ చేసి నయమైందని చెప్పేసింది. అవ్వ ఆ పూట కాఫీ తాగింది. సరిగ్గా ఆ వారమే నా జబ్బు తిరగబెట్టింది. వైరస్ దారి వైరస్‌దేనని, ధర్మపురిలో తాగిన లోటాడు కాఫీకి నా కాలేయానికి సంబంధం లేదని పుస్తకంలో చదివి పరీక్ష రాసినదాన్నే. అయినా పహిల్వాన్‌తో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ పిల్లకు మళ్ళీ వచ్చిందని అవ్వకు నేనే చెప్పాను. అవ్వ మళ్ళీ మానేసింది. ఆ తర్వాత నా రిపోర్టులు కొంచెం కొంచెం తగ్గుతుంటే, ఇంక తాగమని చెప్పిద్దామా అని రోజూ అనుకునేదాన్ని, రోజూ భయపడి ఊరుకునేదాన్ని. డాక్టరు కాబోయే మనిషిని, ప్రాణం మీది తీపితో డెబ్బై ఆరేళ్ళ ముసలామెకు నాలుగు నెలలు కాఫీ లేకుండా చేశాను.

చివరికి మంచు కరిగే రోజుల్లో రిపోర్టు శుభ్రంగా వచ్చింది. పహిల్వాన్ క్లాసులో ఉంది. అది వచ్చే దాకా ఆగలేకపోయాను. కెమెరా ఆపేసి, ముక్కుతో దాని గొంతు పెట్టి, “అవ్వా, నేను ఆ పిల్లని. నాకు నయమైంది, మీరు కాఫీ తాగండి,” అన్నాను.

“గొంతు బాగ వచ్చింది పాపా,” అంది అవ్వ. “తాగుతాను.”

చదువు ముగించుకొని వచ్చాను. విదేశాల్లో చదివొచ్చిన డాక్టర్లకు ఇక్కడ పెట్టే పరీక్ష కూడా గట్టెక్కి హరూర్‌లో ఒక చిన్న ఆస్పత్రిలో చేరాను. అవ్వ అప్పుడప్పుడు ఆ పిల్లెట్లుందని అడిగేది. నేను దానికి ఉద్యోగం ఇప్పించాను, పెళ్ళి చేశాను, కవలపిల్లల్ని కూడా పుట్టించాను. నిజం చెప్పడానికి ఎన్ని మధ్యాహ్నాలు దొరికాయో లెక్కలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

పోయిన ఏడాది వానల్లో అవ్వకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పక్కన కూర్చొని, ఉత్త జలుబే అవ్వా అన్నాను. మా ఇంట్లో జబ్బులకు మేము చేసే మొదటి వైద్యం ఇదే కదా. అవ్వ నా ముఖం చూసింది. చెయ్యి పైకెత్తి, చిన్నప్పటిలాగే, నా రెప్ప కిందికి లాగి చూసింది.

“జలుబే లే. ఆ పాపకు ఫోను చెయ్యి. నా కోసరం కాఫీ మానుకోమను.”

“సరే అవ్వా, చెప్తాను.”

“మానుకొంటాది. దానికి తెలుసు. మళ్ళ తాగమని నేనే చెప్తాను.”

పదకొండు రోజులకు అవ్వ పోయింది. ఆమెకు ఎంత తెలుసో, ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు, ఇక అడగడానికి లేదు. అప్పుడప్పుడు అప్పటి నేను, ఆ పచ్చకళ్ళ పిల్ల గుర్తొస్తుంది, దిండు కింద నేల ఉసిరి పెట్టుకొని, లేని పిల్ల మీద కుళ్ళుకుంటూ, ఎవరూ నన్ను అడగలేదని ముక్కు చీదుతూ. దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, పిచ్చిదానా, ఆ నాలుగు నెలలూ అడిగింది నిన్నే కదా అని చెప్పాలనిపిస్తుంది. ఆస్పత్రిలో నర్సమ్మ పొద్దున్నే అందరికీ కాఫీ తెస్తుంది, నాకు మాత్రం మజ్జిగ తెస్తుంది. కాఫీ పడదా డాక్టరమ్మా అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. పడదని చెప్తాను. తాగమని ఇంటినుంచి కబురు రావాలి, ఇంకా రాలేదని చెబితే వాళ్ళకేం అర్థమవుతుంది?