నేను వెయ్యని ఓటు

మా ఊరి మహిళా సంఘాలన్నీ కలిసి మొదటి ప్రెసిడెంటమ్మకు సన్మానం చెయ్యాలనుకున్నప్పుడు, ఆమె గురించి నాలుగు మాటలు చెప్పే పని నాకు అప్పజెప్పారు. ఆమె వెంట ఎక్కువగా తిరిగింది నేనే కదా అన్నారు. కాదనలేకపోయాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

మా ఊరు తిరుత్తణికి బస్సులో అరగంట దూరం. నేను తిరువళ్ళూరు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన మరుసటి ఏడే మా పంచాయతీని ఆడవాళ్ళకు కేటాయించారు. ఎదురింటి అక్క నిలబడి గెలిచింది. అంతవరకూ ఆమె వేరుశనగ చేలో కూలీలతోబాటు వంగి కలుపు తీసిన మనిషి. తెలుగు చదవగలదు. ఆఫీసు కాగితాలేమో అన్నీ తమిళం. నేను చదువుకున్నది తమిళమే. అందుకని మధ్యాహ్నం పని కాగానే ఆమె కాగితాలు పట్టుకుని మా వసారాలోకి వచ్చేది. నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఒక్కొక్క వాక్యం మూడేసిసార్లు చదివించేది.

"సంతకం నాది గదమ్మా. తెలీకుండా పెడితే రేపు జవాబు చెప్పాల్సింది నేనే" అనేది.

ఊరికి బయట దళితులుండే కాలనీకి అప్పట్లో కుళాయి లేదు. అక్కడి ఆడవాళ్ళు బిందెలతో మా వీధి చివరికి వచ్చి, మేమంతా పట్టుకునేదాకా నిలబడేవాళ్ళు. ఎండాకాలంలో వాళ్ళ వంతు వచ్చేసరికి నీళ్ళు ఆగిపోయేవి. మా వీధివాళ్ళు ఇంటింటికీ కుళాయి వస్తుందని ఎదురుచూస్తుంటే, కొత్త పైపు ముందు కాలనీకే పోవాలని అక్క పట్టుబట్టింది.

దానికోసం సోమవారం సోమవారం తిరువళ్ళూరు కలెక్టరాఫీసుకు అర్జీ పట్టుకుని పోయేది. రెండుసార్లు నేనూ వెళ్ళాను. మొదటిసారి అక్కడి గుమాస్తా మా వెనక మగవాళ్ళెవరైనా ఉన్నారేమోనని చూసి, ప్రెసిడెంటు రాలేదా అని తమిళంలో అడిగాడు.

"వచ్చింది. నేనే" అని అక్క అర్జీ బల్లమీద పెట్టింది. తిరుగు రైల్లో, తిరుత్తణి వచ్చేదాకా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

కాలనీకి నీళ్ళు వచ్చాయి. మా వీధిలో కోపం కూడా వచ్చింది. "మన ఓట్లతో గెలిచి వాళ్ళకి చేసింది" అని మా మామగారు రోజూ అనేవారు. మళ్ళీ ఎన్నికలొచ్చినప్పుడు మా ఇంట్లో అందరూ వేరేవాళ్ళకే వెయ్యాలని తీర్మానించారు. అట్ట చాటున ముద్ర పట్టుకుని నిలబడ్డప్పుడు నన్ను చూసేవాళ్ళు లేరు. నా ఇష్టం వచ్చినట్టు వెయ్యవచ్చు. అయినా ఇంట్లో చెప్పినచోటే గుద్దాను.

అక్క కొద్ది ఓట్లతో ఓడిపోయింది. మర్నాడు పొద్దున ముగ్గు వేస్తూ "తిన్నావా మే?" అని రోజూలాగే అడిగింది. తలూపి లోపలికి వచ్చేశాను. అప్పటినుంచి ఆమె ముందు పది నిమిషాలు నిలబడలేకపోయాను.

సన్మానానికి ముందురోజు పొద్దున ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని నానబెట్టిన అనపగింజలు తొక్క ఊడేట్టు పితుకుతోంది.

"అక్కా, రేపు నన్ను మాట్లాడమన్నారు. నాకు ఆ అర్హత లేదు."

"యాల?"

చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"మీ ఇంట్లోవాళ్ళు అట్లే ఏసినారని తెలుసు. నువ్వు గూడానా అని అడిగేదానికి మాత్రం మనసు రాలేదు" అంది.

"కోపం రాలేదా?"

"యాల రాదు? ఏడాది ఉండింది. నీ కొడుక్కి పేరు పెట్టిన రోజు నేను రాలేదు చూడు, అందుకే."

ఆరోజు ఆమెకు ఒంట్లో బాగాలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నాకు కన్నీళ్ళాగలేదు. ఆమె కొన్ని గింజలు నా ముందుకు తోసింది. ఇద్దరం పితుకుతూ కూర్చున్నాం. కాసేపటికి ఆమే నవ్వింది.

"మొదటిసారి నా ఓటు నేను గూడా నాకు ఏసుకోలేదు మే."

"అయ్యో, యాల?"

"ఎవురి పేరు మీద వాళ్ళే గుద్దుకొంటే సిగ్గు గదా అనుకొన్నా. నా మీద నిలబడినామెకు ఏసినా. రెండోసారి మాత్రం నాకే ఏసుకొన్నా, కాగితం చినిగేట్టు!"

మర్నాడు సంఘం గదిలో అందరి ముందూ కాలనీ పైపు గురించి చెప్పాను. నా ఓటు గురించీ చెప్పాను. ముందు వరసలో కూర్చున్న మా అత్తగారు తల దించుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్కకు శాలువా కప్పి మైకు ఇచ్చారు. ఆమె గదంతా ఒకసారి చూసింది.

"నాతోబాటు కాలనీ నుంచి వార్డు మెంబరుగా గెలిచినామె యాడ? మీటింగులో అందురూ నా మాట కొట్టేస్తే ఆమె ఒక్కతే చెయ్యెత్తింది. ఆమెను యాల పిలవలేదు?"

ఆమెను పిలవాలని ఎవరికీ గుర్తు రాలేదు. ఆ మెంబరు తుంటి విరిగి ఏడాదిగా మంచంలో ఉందని ఎవరో మెల్లగా చెప్పారు. అక్క శాలువా మడిచి చంకలో పెట్టుకుని నాకేసి చూసింది. "రా, పోదాం."

ఇద్దరం కాలనీకి నడిచి వెళ్ళాం. అక్క ఆ శాలువా మంచంలో ఉన్నామెకు కప్పి, పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆమె ముందు గుర్తుపట్టలేదు. తర్వాత "ప్రెసిడెంటమ్మా" అని లేవబోయింది. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. ఇన్నేళ్ళలో కాలనీలో అడుగుపెట్టడం నాకదే మొదటిసారి.

"లోపలికి రామ్మా, కూచో" అంది ఆమె, కాళ్ళు కాస్త పక్కకు జరుపుకుని. వెళ్ళి మంచం కొసన కూర్చున్నాను.