మృదంగం మీద ముప్ఫై వేల అడుగులు

కూర్చున్నచోటి నుంచి లేవకుండా మీరెవరైనా రోజూ మైళ్ళకి మైళ్ళు నడిచారా? నేను నడిచాను. నడిచి నడిచి పొట్టలో సూది పొడిపించుకునేదాకా తెచ్చుకున్నాను. చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లో నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

తెనాలిలో పిల్లలకి మృదంగం నేర్పడం నా పని. షుగరొచ్చిందని తేలినప్పుడు డాక్టరు ఒకే మాటన్నాడు. "మాస్టారూ, రోజుకి ఎనిమిది వేల అడుగులు నడవాలండి. షుగరు ఇలాగే ఉంటే వేళ్ళు మొద్దుబారతాయి."

మృదంగం వాడితో అనాల్సిన మాటేనా అది! నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాకంటే మా అమ్మాయి శైలజ ఎక్కువ హడలిపోయింది. తను బాపట్లలో టీచరు. ఆదివారం రైలెక్కి వచ్చి నా కుడిచేతికి స్మార్ట్ వాచీ కట్టింది. ఎడమ చేతికి మా మామగారు పెట్టిన వాచీ ఉంది లెండి, అది తీస్తే మా ఆవిడ ఊరుకోదు.

"నువ్వేసే ప్రతి అడుగూ సింకై నా ఫోన్లో కనపడుతుంది నాన్నా. దొంగవేషాలు కుదరవు."

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?" అన్నాను రోషంగా.

మర్నాడు మార్కెట్టు దాకా వెళ్ళొచ్చి చూసుకుంటే పంతొమ్మిది వందలు. అప్పటికే మోకాళ్ళు బావురుమంటున్నాయి. సాయంత్రం పిల్లలకి పాఠం చెప్పి మళ్ళీ చూశాను. తొమ్మిది వేలు దాటింది! వాచీ చెడిందనుకుని నెమ్మదిగా వాయిస్తూ చూశాను. దెబ్బకో అడుగు పడుతోంది. "దీని తస్సాదియ్యా! ఇన్నాళ్ళూ నేను కూర్చునే నడుస్తున్నానా!"

ఆ రోజు నుంచి నేను గుమ్మం దిగితే ఒట్టు. పిల్లలకి గంటపాఠం రెండు గంటలైంది. వాళ్ళ తల్లులు నా శ్రద్ధకి మురిసిపోయారు.

"ఏమండీ, అసలు ఎప్పుడు నడుస్తున్నారు?" అంది మా ఆవిడ.

"నడిచేవాణ్ణి నువ్వు చూస్తూ కూర్చోవాలా?" అంటూ ఇంకో జిలేబీ తీసుకున్నాను. అంత నడిచినవాడికి ఆకలేయదూ?

రేపల్లెలో ఓ హరికథకి వాయించి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఫోను.

"నాన్నా, రేపల్లె నడిచే వెళ్ళావా?"

"లేదమ్మా, రైల్లోనే."

"మరి ముప్ఫై వేల అడుగులేంటి?"

"ఊరు చూశాను."

"రేపల్లె అంత పెద్దదా?"

"నిదానంగా చూస్తే పెద్దదేనమ్మా."

పిచ్చిపిల్ల నమ్మింది. స్టాఫ్ రూములో అందరికీ చూపించి, "మా నాన్నని చూసి నేర్చుకోండి" అందట.

నెల తిరిగాక శైలజ సెలవు పెట్టి వచ్చి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రిపోర్టులో షుగరు తగ్గకపోగా పెరిగింది. డాక్టరు శైలజ ఫోను చూసి తల పట్టుకున్నాడు.

"రోజూ ఇంత నడిచినా దిగలేదంటే మాత్రలు చాలట్లేదండి. ఇన్సులిన్ మొదలుపెడదాం."

"ఇంకేం చెయ్యాలండీ మా నాన్న? కాళ్ళరిగేలా నడుస్తున్నారు కదా!" అంది శైలజ.

డాక్టరు పెన్ను కాగితం మీద ఆనింది.

"బాబూ, ఆగు! నేను నడవలేదు."

"మరెవరు నడిచారండీ?"

ఏం చెప్పను? స్మార్ట్ వాచీ ఉన్న కుడిచేత్తో ఆయన బల్ల మీదే ఆదితాళం అందుకున్నాను. ఫోన్లో అంకె చకచకా ఎక్కింది. నర్సు తలుపు సందులోంచి తొంగిచూసింది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "బాగుందండీ కచేరీ! ఇన్సులిన్ మాట తర్వాత. ముందొక నెల కాళ్ళతో నడిచి రండి."

శైలజ మాత్రం నవ్వలేదు. బయటికొచ్చాక ఒక్కటే అంది. "రోజూ పడుకునే ముందు ఆ అంకె చూసుకుని, హమ్మయ్య అనుకుని నిద్రపోయేదాన్ని నాన్నా."

సిగ్గేసింది. శైలజ ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని, నా కుడిచేతి వాచీ విప్పి కాలికి కట్టింది. ఇంటిదాకా ఆటో ఎక్కనివ్వలేదు.

కాబట్టి నా శిష్యులకూ, డాక్టర్లకూ, లోకంలోని ఆడపిల్లలందరికీ ఇందుమూలంగా తెలియజేయునదేమనగా: ఇకమీదట నేను కాళ్ళతోనే నడిచెదను. వాయిస్తుంటే నా పాదం కూడా కాస్త ఆడుతుందని కనిపెట్టి, ఆ సంగతి నేనే ఇంట్లో ఒప్పుకున్నాను. అందుకని పాఠం మొదలయ్యే వేళకి మా ఆవిడ ఆ వాచీ విప్పి బీరువాలో దాచేస్తోంది. నా మీద నమ్మకం లేక కాదట, వాచీ మీద నమ్మకం లేకట.