అత్తగారి దగ్గు

ఫ్యాన్ల కంపెనీలో ఫిర్యాదులకు జవాబులు రాసే విభాగానికి ఆయన పెద్ద. ఆఫీసులో ఆయన కుర్చీ వెనకే మేనేజరు గది. లోపల్నుంచి మేనేజరు దగ్గు వినబడితే చాలు, ఆయన వేళ్లు కీబోర్డు మీద పరుగులు తీసేవి. అందుకే వారంలో మూడు రోజులు ఇంటినుంచే పనిచేయాలని కంపెనీ చెప్పినప్పుడు అందరూ ఎగిరి గంతేస్తే, ఆయనకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

అనుకున్నంతా అయింది. పడకగది మూల బల్ల వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచేవారు. కాసేపు కిటికీ తుడిచేవారు. బీరువా సర్దేవారు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదన్న ఒక్క ఫిర్యాదు ముందు పొద్దంతా గడిచిపోయేది.

"వెనకాల ఎవరైనా దగ్గితే బాగుండేది," అన్నారు ఒకరోజు భార్యతో, సిగ్గుపడుతూ.

ఆవిడా వంటింటి గట్టు మీద ఆఫీసు పనిలో మునిగి ఉంది. "నాకు మీటింగ్ ఉందండీ. అమ్మనడగండి."

అత్తగారు అల్లిక పక్కన పెట్టి శ్రద్ధగా విన్నారు. "ఎలా దగ్గమంటారు అల్లుడుగారూ? జలుబు దగ్గా, కోపం దగ్గా?"

"అనుమానం దగ్గండీ."

ఆవిడ కుర్చీ వెనక నిలబడి ఖళ్లుమని దగ్గారు. ఆయన నడుం నిటారైంది. భోజనాల వేళకి పేరుకుపోయిన ఫిర్యాదులన్నీ ఊడ్చిపెట్టుకుపోయాయి.

ఆయన వంతు ఆఫీసు రోజుల్లో చూస్తే, మిగతావాళ్ల వంతులు వేరై, మేనేజరుతో సహా అందరూ ఇంటి దగ్గరే. ఖాళీ హాల్లో చెయ్యాడక, ఆయన అత్తగారిని వెంటబెట్టుకెళ్లడం మొదలుపెట్టారు. ఆ సంగతి ఎలాగో మేనేజరు చెవిన పడింది. వీడియోలో పిలిచి నిలదీశారు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు.

మేనేజరు లేచి తన గది తలుపు వేసి వచ్చారు. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ ఇంట్లో పని సాగి చావట్లేదయ్యా. ఆవిడ్ని రేపోసారి నా వెనకాల కూడా దగ్గమంటావా? వీడియోలోనే," అన్నారు.

నెల తిరక్కుండా కంపెనీ అంతా అత్తగారి దగ్గు మీదే నడవసాగింది. దగ్గు రికార్డు చేసి వినిపించి చూశారు. ఎవరూ ఖాతరు చేయలేదు. దాంతో ఆవిడకు ఉద్యోగమే ఇచ్చారు. "పొద్దున్నే నా గొంతు పెగలదు బాబూ. నాకు వీలైనప్పుడే దగ్గుతాను," అని ఆవిడ షరతు పెడితే, కంపెనీ తలూపింది.

ఇప్పుడు పడకగది ఆవిడ ఆఫీసు. ఆయన బల్ల వరండాలోకి చేరింది. పని ముందుకు జరగక, ఒక పూట భయపడుతూనే తలుపు తట్టారు.

"అత్తయ్యగారూ, ఒక్కసారి..."

"అమ్మకాల విభాగం వాళ్లతో ఉన్నాను అల్లుడుగారూ. మీ మేనేజరు ద్వారా అడిగించండి."

ఆయన అడిగించారు. గురువారం మధ్యాహ్నం ఖాళీ ఉందని జవాబొచ్చింది. అంతవరకూ చేసేదేం లేక, వరండా కిటికీలు తుడుస్తూ కూర్చున్నారు.