సప్పుడు తెచ్చిన తంటా

ఆ రోజుల్లో నాకు భక్తి ఎక్కడ ఆగుతుందో, ప్రేమ ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. ముత్తంగిలోని ఒక గోడౌనులో లారీలకు సరుకు ఎక్కించే పని చూస్తూ, శనివారం సాయంత్రాలు పటేల్‌గూడ భజన మండలిలో హార్మోనియం వాయించేవాణ్ణి. పాత సంగీత సినిమాల్లో నాయకుడు వీణ మీటితే నాయిక తోట అవతలి నుంచి రాగం అందుకుంటుంది. మాకు తోట లేదు; రేకుల షెడ్డు, పక్కనే వెల్డింగు దుకాణం. అయినా దగ్గర్లోని ఒక ప్లాంటులో పనిచేసే కోస్తా సూపర్‌వైజరు గారి అమ్మాయి గొంతెత్తితే ఆ వెల్డింగు రవ్వలు నాకు పూలవానలా కనిపించేవి (స్వామి పటం ఆ వైపు లేదని ఒప్పుకుంటున్నాను).

శ్రీరామనవమి దగ్గరపడుతుండగా ఒక శనివారం ధైర్యం చేసి, "మీ సప్పుడు మస్తుంటదండీ" అన్నాను. మా దిక్కు సప్పుడంటే ఏ ధ్వనైనా సరే, గొంతైనా సరే. వాళ్ల వైపు తలుపు బాదితే వచ్చేదే చప్పుడు.

"నాది చప్పుడా? అయితే ఆ వెల్డింగాయన్నే పాడమనండి" అని తాళాలు కింద పెట్టి వెళ్లిపోయింది. మరుసటి శనివారం రాలేదు.

మండలి పెద్దాయనను అందరం పెదనాయన అనేవాళ్లం. ఆయన నన్ను పట్టుకున్నాడు. "కల్యాణంల ఎవలు పాడుతర్రా ఇగ? నువ్వు పాడితే సీతమ్మ పీటల మీదికెల్లి లేసిపోతది. జెర పోయి బతిమిలాడు."

ఆమె రాకపోయినా నవమి ఆగదు. నా శనివారాలే ఉండవు. దారి పొడుగునా శాస్త్రం నెమరేసుకుంటూ వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసింది వాళ్ల నాన్నగారు.

"శబ్దమే బ్రహ్మమంటరు గద సార్. ఆ శబ్దాన్నే మేం సప్పుడంటం. అంటే నేను అమ్మాయిని తిట్టలే, బ్రహ్మమన్న. రాముని పెండ్లి కోసం అడుగుతున్న, నా కోసం కాదు."

ఆయన లోపలికి తిరిగాడు. "ఏమ్మా, ఈ అబ్బాయి నిన్ను బ్రహ్మం అంటున్నాడు."

"బ్రహ్మం వంటింట్లో ఉందని చెప్పండి నాన్నా." గిన్నె దించిన సప్పుడు, మళ్లీ ఆమె గొంతే. "నవమికి వస్తుందట గానీ, హార్మోనియం కాస్త మెల్లగా వాయించమనండి. అసలు చప్పుడు అదీ."

వచ్చింది, పాడింది. రెండేళ్లకు మా పెళ్లయింది. ఇన్నేళ్లుగా పూజ తప్పలేదు, పారాయణం తప్పలేదు. కానీ ఆ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రవాణ్ణి తలుచుకుంటే కొంచెం అసూయ కలుగుతుంది. అంత భక్తిగా అబద్ధమాడటం ఇప్పుడు నాకు చేతకాదు.