ఖాయమేనా టాక్సీ

మా వీధి టాక్సీ డ్రైవరుకి ఒకటే జబ్బు. బండెక్కినవాణ్ని ప్రతి మలుపు దగ్గరా "ఖాయమేనా?" అని అడుగుతాడు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో, ఊరందరికీ ఆయన ఖాయమేనాయే.

"క్షవరానికి పోతున్నానయ్యా, ఇందులో కూడా ఖాయమేంటి?" అన్నాను ఒకరోజు.

"కత్తెర పడ్డాక ఖాయమే సార్. ఈ సందు దాటేదాకా కాదు."

పళ్ల డాక్టరుకి ఆయన పేరెత్తితే ఒళ్లు మంట. పన్ను పీకించుకోవడానికి బయల్దేరినవాళ్లలో సగం మందికి దారిలోనే నొప్పి తగ్గిపోతోందట.

ఓసారి నిలదీశాను. "బండి నడపడం నీ పని. జనం మనసులు నడపడం కాదు."

"నడపను సార్. మలుపు దగ్గర కాస్త స్లో చేస్తానంతే."

మా చెల్లెలి పెళ్లిరోజున కూడా ఆ బండే దొరికింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి. ఇరువైపులవాళ్లూ ముందే వెళ్లిపోయారు. నేను ముందు సీట్లో, చెల్లెలు వెనక.

"ఖాయమేనా తల్లీ?"

"ఖాయమే బాబాయ్."

తర్వాతి మలుపు దగ్గర "ఊఁ" అంది. ఆ పై మలుపు దగ్గర అదీ లేదు. ఆయన అద్దంలోకి చూసి, ఇండికేటరు వేసి, బండిని పక్క సందులోకి తిప్పి ఆపేశాడు.

"ఆఫీసు అటు కదయ్యా!"

"మీరు కాసేపు ఊరుకోండి సార్."

"నాకీ పెళ్లి వద్దన్నయ్యా," అంది చెల్లెలు. "మీరంతా సంబరపడుతుంటే నోరు రాలేదు."

ఖాయమేనా వెనక్కి తిరిగాడు. "సంతకం పడలేదుగా తల్లీ. అబ్బాయిని పిలిపిస్తా, ఎదురుగా నువ్వే చెప్పు. ఆలస్యం సంగతి నాకొదిలెయ్."

బండి మొరాయించిందని నా ఫోన్లోంచే అబ్బాయికి చెప్పాడు. పెళ్లికొడుకు వచ్చాడు, వెంట మెకానిక్కయిన అతని మేనమామ కూడా వచ్చాడు. బానెట్ ఎత్తితే అబద్ధం బయటపడుతుందని నా భయం.

చెల్లెలూ అబ్బాయీ గోడ పక్కన మాట్లాడుకుంటుంటే మేనమామ బానెట్లో తల దూర్చాడు. తాళం తిప్పాడు, తట్టాడు, ఊదాడు. బండి ఉలకలేదు, పలకలేదు. నేనే ఆశ్చర్యపోయాను.

"సిగ్గుండాలయ్యా! పెళ్లికూతుర్ని ఎక్కించే బండేనా ఇది?" అంటూ మొదలెట్టి, తనకి వచ్చిన తిట్లన్నీ తిట్టాడు. ఖాయమేనా చేతులు కట్టుకుని, తల వంచుకుని విన్నాడు.

అబ్బాయి మొహం వాడిపోయింది గానీ మర్యాదస్తుడు. "రేపు చెప్పుంటే ఇద్దరం ఇరుక్కునేవాళ్లం. మావాళ్లకి నేను చెప్తాను," అని చెల్లెలితో చెప్పి, మేనమామను తీసుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు సందు దాటాక ఖాయమేనా జేబులోంచి ఓ వైరు ముక్క తీసి ఇంజన్లో బిగించాడు.

"అన్ని తిట్లెందుకు తిన్నావయ్యా?" అన్నాను.

"ఆ మేనమామ కడుపులో ఇంకేం మిగల్లేదు సార్," అన్నాడు బానెట్ మూస్తూ. "ఇంటికెళ్లాక సంగతి తెలిసి అమ్మాయిని తిట్టాలన్నా ఓపికుండదు."