కండక్టరు మామగారి తలల లెక్క

కండక్టరు మామగారికి తలలు లెక్కపెట్టే జబ్బు ఉంది. జబ్బంటే ఆయనకు కోపం వస్తుంది, అలవాటనమంటారు.

ముప్ఫై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. బస్సు దిగారు గానీ లెక్క మానలేదు. అల్లుడు ఈ సంగతి తన పెళ్ళినాడే గమనించాడు. వచ్చినవాళ్ళకు నమస్కారం పెడుతూ ఆయన పెదాలు కదుపుతుంటే ఏదో ప్రార్థన చేస్తున్నారనుకున్నాడు. కాసేపటికి ఆయన చెవి దగ్గరకు వంగి, "వచ్చింది మూడువందల పన్నెండు. భోజనానికి కూర్చున్నది రెండువందల తొంభై ఎనిమిది. పద్నాలుగు మంది మధ్యలో ఎక్కడో దిగిపోయారు," అన్నారు ఆందోళనగా.

ఈ అలవాటుకు పూర్తిగా రెక్కలొచ్చేది ఏటా ఎండాకాలం సెలవుల్లో. పద్ధెనిమిదేళ్ళుగా ఆయన కుటుంబాన్ని వెంటబెట్టుకుని ఒకే సముద్రతీరపు ఊరికి వెళ్తున్నారు. అదే లాడ్జి, అదే గది. పైగా ఊరంతా కిటకిటలాడిపోయే ఆ ఒక్క వారమే.

"ఈసారి కొండల మీదికి వెళ్దామండీ మామయ్యగారూ," అని అల్లుడు భయపడుతూనే అడిగాడు.

"కొండల మీద జనం ఉండరు అల్లుడూ."

"అందుకే కదండీ వెళ్ళేది!"

"జనం లేనిచోట నేనేం చెయ్యను?" అని ఆయన సూట్‌కేసు మూత వేసేశారు.

తీరం చూశాక అల్లుడికి సగం అర్థమైంది. మామగారు గొడుగు కింద కుర్చీ వేసుకుని ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి కూర్చున్నారు. నీళ్ళు పాదాలు దాటి పైకి రానివ్వరు. పొద్దున్నుంచి సాయంత్రందాకా సముద్రంలోకి దిగేవాళ్ళనూ ఒడ్డుకెక్కేవాళ్ళనూ లెక్కపెట్టడమే పని.

మొదటిరోజే, బస్సు ఆపించేటప్పటిలా గావుకేక పెట్టారు. "హోల్డాన్! తొమ్మిదిమంది దిగారు, ఎనిమిదిమందే ఎక్కారు!"

తీరం కాపలా చూసే గార్డు, నెరిసిన జుట్టు మనిషి, గాలి ట్యూబు చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే తొమ్మిదో మనిషి గొడుగు చాటున లుంగీ కట్టుకుంటున్నాడు. రెండోరోజు ఇదే తంతు రెండుసార్లు జరిగింది. తీరమంతా ఆయనకు 'హోల్డాన్ తాత' అని పేరు పెట్టేసింది. అల్లుడి భార్య పత్రికలో మొహం దాచుకుంది.

అత్తగారు మాత్రం తొణకలేదు. "ఆయన వైపు చూడకు బాబూ. మనకీ ఆయనకీ సంబంధం లేనట్టు కూర్చో. పద్ధెనిమిదేళ్ళుగా నేను చేస్తున్నదదే," అంది.

మూడోరోజు మధ్యాహ్నం గాలి మారింది. అలలు ముందురోజు కంటే రెండు బారలు పైకొస్తున్నాయి. బట్టల ఫ్యాక్టరీ నుంచి విహారానికొచ్చిన ఆడవాళ్ళు, అందరూ ఒకేలాంటి పసుపుపచ్చ టోపీలు పెట్టుకుని, కేరింతలు కొడుతూ నీళ్ళలోకి దిగారు. కాసేపటికి వాళ్ళ సూపర్‌వైజరమ్మ చప్పట్లు కొట్టి అందరినీ బయటికి పిలిచింది.

మామగారు కుర్చీలోంచి లేచారు.

"అమ్మా, పదకొండుమంది దిగారు. పదిమందే ఎక్కారు."

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. "మామయ్యగారూ, దయచేసి కూర్చోండి."

సూపర్‌వైజరమ్మ నడుం మీద చెయ్యేసుకుని, వేలు చూపిస్తూ గట్టిగా లెక్కపెట్టింది. "తొమ్మిది, పది, అదిగో పదకొండు! సరిగ్గానే ఉన్నాంగా పెద్దాయనా. మీ పని మీరు చూసుకోండి!"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మామగారు నవ్వలేదు. చూపుడు వేలు గాల్లో ఆడిస్తూ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు.

"మీరు లెక్కపెట్టింది టోపీలమ్మా," అన్నారాయన. "తలలు లెక్కపెట్టండి."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. పదకొండో టోపీ కింద ఉన్నది ఐస్‌క్రీం అమ్మే ముసలాయన. ఆడవాళ్ళ మధ్య బండి ఆపుకుని ఎవరికేం కావాలో అడుగుతున్నాడు.

"ఆ టోపీ నీకెక్కడిది?" అన్నారు మామగారు.

"ఒడ్డుకి కొట్టుకొచ్చిందండీ. ఎండగా ఉందని..." అని అతను మాట మధ్యలో ఆగిపోయాడు.

నవ్వులు ఠక్కున ఆగాయి. సూపర్‌వైజరమ్మ ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ, "ప్యాకింగు పిల్ల ఏది? మన ప్యాకింగు పిల్లేదే?" అని అరిచింది.

గార్డు తీరం ఆ చివర ఎవరి కాలికో కట్టు కడుతున్నాడు. అల్లుడు పరుగెత్తాడు. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతున్నాయి, చెప్పులు ఎక్కడో జారిపోయాయి. "మామయ్యగారి లెక్క..." అని రొప్పుతూ అన్నాడో లేదో, గార్డు కట్టు వదిలేసి తాడూ గాలి ట్యూబూ అందుకున్నాడు.

తిరిగొచ్చేసరికి మామగారు నడుంలోతు నీళ్ళలో ఉన్నారు. పాదం దాటి తడవని మనిషి! గార్డు ఆయన్ని దాటుకుని ఈదుకుంటూ వెళ్ళాడు గానీ, అలల మధ్య అతనికి ఎటు వెళ్ళాలో తెలియడం లేదు.

"అల్లుడూ, వంగు," అన్నారు మామగారు.

"ఏంటండీ?"

"వంగవయ్యా! నీ భుజాలెక్కితే కనిపిస్తుంది."

అల్లుడు వంగాడు. ఎనభై కిలోల మామగారు భుజాలెక్కి కూర్చున్నారు. అల అతని ఛాతీని గుద్దింది, కాళ్ళ కింద ఇసుక జారింది.

"నాకు ఈత రాదు," అన్నారు మామగారు పైనుంచి, చిన్న గొంతుతో. "వదిలెయ్యకేం."

మరుక్షణం ఆయన గొంతు తీరమంతా మోగింది. పాత రేవు వంతెన స్తంభం దగ్గర ఒక చెయ్యి కనిపించింది ఆయనకు. "ఎడమకి! ఎడమకి కొట్టు! రానీ... రానీ... స్తంభం ఉంది, చూసుకో! కుడికి కొంచెం... రానీ... హోల్డాన్!"

ఇరుకు సందులో బస్సు వెనక్కి నడిపించినట్టు నడిపించారు గార్డుని. చివరి హోల్డాన్‌కి స్తంభాన్ని కరుచుకుని ఉన్న పిల్ల జబ్బ గార్డు చేతికి అందింది. తాడు బిగిసింది. పదిమంది కలిసి లాగారు.

ప్యాకింగు పిల్ల ఇసుకలో బోర్లా పడి తాగిన నీళ్ళన్నీ కక్కింది. సూపర్‌వైజరమ్మ దాన్ని తిట్టలేక, ఏడవలేక, వీపు మీద నాలుగు తట్టి వాటేసుకుంది. ఆ పిల్ల కళ్ళు తెరిచి అన్న మొదటి మాట: "నా టోపీ పోయిందక్కా."

ఐస్‌క్రీం ముసలాయన గబుక్కున టోపీ తీసి రెండు చేతులతో అందించాడు. అప్పుడు అందరికీ నవ్వొచ్చింది.

జనం చుట్టూ మూగి పొగుడుతుంటే మామగారు ప్యాంటు పిండుకుంటూ, "గార్డే ముందు చూశాడండీ. నేనేదో అలవాటు కొద్దీ అరిచాను," అన్నారు.

అది పచ్చి అబద్ధమని అల్లుడికి తెలుసు. జనం పలచబడ్డాక గార్డు గుడారానికి వెళ్ళి నిలదీశాడు.

"ఇది నాలుగోది బాబూ," అన్నాడు గార్డు తల తుడుచుకుంటూ. "మొదటిసారి పద్ధెనిమిదేళ్ళ కిందట. ఒక మనిషి మునుగుతుంటే నేను చూడనేలేదు, ఆయన అరిచారు. పైవాళ్ళకి తెలిస్తే నా ఉద్యోగం ఊడేది. ఆయనే, 'నువ్వే చూశావని రాసుకో. రద్దీ వారానికి ఏటా నేనొస్తాలే,' అన్నారు. ఇంత తీరానికి నేనొక్కణ్ణే కదా. ఆ మాట తప్పలేదు."

"మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అడిగాను. మునిగిపోయేవాళ్ళ సంగతి తెలిస్తే మీ అత్తగారు భయపడి మళ్ళీ ఈ ఊరు రానివ్వరట. పిచ్చి అనుకుంటే తిట్టుకుంటూ అయినా వస్తారట."

లాడ్జిలో అత్తగారు తడిబట్టలు దులుపుతూ ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది. "అరవై దాటాక మనుషుల భుజాలెక్కి ఆటలా? ఆయనకంటే బుద్ధి లేదు, నీకేమైంది బాబూ?"

అల్లుడు మామగారి వైపు చూశాడు. మామగారు సీలింగు వైపు చూశారు.

"సరదాగా ఉంటుందని నేనే రమ్మన్నానండీ అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు.

మర్నాడు పొద్దున్నే అతను ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చి మామగారి పక్కన వేసుకున్నాడు. ఆయన తల తిప్పలేదు.

"వంతెన నుంచి ఎడమవైపంతా నీది," అన్నారు.

అల్లుడు కళ్ళద్దాలు తుడుచుకుని, ఒకటి నుంచి మొదలుపెట్టాడు.