కూర్మయ్య రిథమ్ మిషను

చీపురుపల్లి రైల్వేస్టేషన్ వెనక వీధిలో, జగ్గమ్మగారి పెరటి వైపు గదిలో కూర్మయ్య అద్దెకుంటాడు. ఒక మంచం, ఒక గ్యాస్ పొయ్యి, మిగతా చోటంతా కీబోర్డుది. పెళ్లిళ్లలోనూ అమ్మవారి పండగల్లోనూ పాడే ఆర్కెస్ట్రాలో ఇరవై ఆరేళ్లు కీబోర్డు వాయించాడతను. ఇప్పుడు యాభై రెండేళ్లు. పెళ్లి కాలేదు. సంబంధానికి వచ్చినవాళ్లు అబ్బాయి ఏం చేస్తాడని అడగడం, పాటల పార్టీ అనగానే కాఫీ తాగి లేచిపోవడం నాలుగుసార్లు జరిగాక ఆ ఊసే మానేశాడు.

పార్టీలో మొదట తొమ్మిది మంది ఉండేవాళ్లు. డీజే పెట్టెలు వచ్చాక ఒక్కొక్కరే వేరే పనులు చూసుకున్నారు. చివరికి ముగ్గురు మిగిలారు. కూర్మయ్య, పాడే రేఖ, డోలూ తబలాల బదులు కరెంటుతో మోగే రిథమ్ ప్యాడ్లు వాయించే డేవిడ్‌రాజు. పాతపట్నం మనిషి డేవిడ్‌రాజు. అతని చెయ్యి ఎప్పుడు పడుతుందో కూర్మయ్యకి తల తిప్పి చూడకుండానే తెలిసేది. చరణం మధ్యలో రేఖకి ఊపిరి అందకపోతే డేవిడ్‌రాజు రవ్వంత నెమ్మదించేవాడు. అతనితోపాటు కూర్మయ్యా నెమ్మదించేవాడు. వినేవాళ్లకి ఆ సంగతే తెలిసేది కాదు.

కిందటేడు వేసవిలో డేవిడ్‌రాజుకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన గంటసేపు కూర్చున్నాడు కూర్మయ్య. ఇంటికి వచ్చాక ఫోన్ చేద్దామనుకుంటూనే ఏడాది దాటించేశాడు.

ప్యాడ్లు వాయించే మరో మనిషి దొరకలేదు. ఆఖరికి విశాఖపట్నంలో ఎవరో అమ్మేస్తుంటే పాత రిథమ్ మిషను ఒకటి తెచ్చుకున్నాడు. డోలూ తబలా డ్రమ్సూ అన్నీ అదే కొడుతుంది. కీబోర్డులో బేసు, అంటే పాట కింద మోగే మంద్రస్వరాల వరసలు ముందే ఎక్కించి పెట్టుకుంటే రెండూ కలిసి నడవాలి, పైన అతను పాట వాయించుకోవాలి. రెండింటిలోనూ వేగం నూట పది అని పెట్టి, రెండు చేతులతో రెండు బటన్లూ ఒక్కసారే నొక్కాడు. పల్లవి బాగానే వెళ్లింది. మొదటి చరణం అయ్యేసరికి డోలు ఒక దారి, బేసు ఒక దారి.

రెండింటినీ కలపడానికి మిడి కేబులని ఒకటుంటుందని ఫోన్‌లో వీడియో చూసి తెలుసుకున్నాడు. చివర ఐదు పిన్నులుండే ఆ తీగని కొరియర్‌లో తెప్పించాడు. మొదట దాన్ని రెండు వైపులా 'అవుట్' అని రాసున్న రంధ్రాల్లోనే గుచ్చి రెండు రోజులు తల బాదుకున్నాడు. మిషను అవుట్ నుంచి కీబోర్డు ఇన్‌లోకి వెళ్లాలని తెలిశాక కూడా కీబోర్డు మాట వినలేదు. మూడోరోజు పొద్దున్న దాని లోపలి సెట్టింగుల్లో వెతగ్గా వెతగ్గా 'క్లాక్' అన్న మాట కనిపించింది. అది 'ఇంటర్నల్' మీద ఉంది. అంటే కీబోర్డు తన లెక్క తనే వేసుకుంటోంది. 'ఎక్స్‌టర్నల్' కి మార్చాడు. కీబోర్డు స్టార్టు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పాడైపోయిందనుకుని భయపడ్డాడు. తర్వాత మిషను స్టార్టు నొక్కాడు. డోలు మొదలైంది. అదే క్షణాన బేసు కూడా మొదలైంది. పాట చివరిదాకా వెంట్రుకవాసి తేడా రాలేదు.

జగ్గమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. "ఎవుళ్లొచ్చేరు బాబూ? నలుగురు వాయిస్తన్నట్టు ఉన్నాది."

"ఎవుళ్లూ రాలేదు పిన్నీ. నానే."

ఆవిడ గదంతా కలియజూసి వెళ్లిపోయింది. కూర్మయ్య మిషను ఆపేశాడు.

అరసవల్లిలో ఒక షష్టిపూర్తికి దాన్ని మొదటిసారి తీసుకెళ్లాడు. స్టేజీ మీద అతనూ రేఖా, ఇద్దరే. మూడో పాటలో రేఖకి ఊపిరి చాల్లేదు. మిషను ఆగలేదు. దాని వెనకే నడిచే బేసూ ఆగలేదు. రేఖ రెండు మాటలు మింగేసి ఎలాగో అందుకుంది. భోజనాలప్పుడు అడిగింది: "అది ఆగదేటి మాస్టారూ?"

"ఆగదమ్మా."

"డేవిడన్న ఆగీవోడు," అని రేఖ ఆ షష్టిపూర్తికే వచ్చిన తన చుట్టాల బంతిలోకి వెళ్లిపోయింది. కూర్మయ్య గోడవారగా కూర్చుని తినేసి లేచాడు.

ఆ ఆదివారం మిషనూ కీబోర్డూ సర్దిన రెండు సంచులతో బస్సెక్కి పాతపట్నం వెళ్లాడు. డేవిడ్‌రాజు భార్య ఎలీసమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చింది. "రా అన్నయ్యా, కూకో," అంది. డేవిడ్‌రాజు కుర్చీలోంచి కదల్లేదు.

"ఇన్నాళ్లకి తోవ కనపడినాదేటి బావా?"

కూర్మయ్య కింద కూర్చున్నాడు. సంచులు విప్పి, తీగ తగిలించాడు. "సూడు. ఇది కొడతాది. ఈ కీబోర్డు దాని ఎనకాల వస్తాది."

డేవిడ్‌రాజు పాట అయ్యేదాకా విన్నాడు. "బాగా కొడతన్నాది. తప్పేటీ నేదు," అన్నాడు. "మరి నాకేటికి సూపిస్తన్నావు?"

"దీనికి ఆగడం తెల్దు బావా. ఇదిగో, ఈ బటను మీద నువ్వు నాలుగు దెబ్బలు కొట్టు. నీ ఏగం అది పట్టుకుంటాది."

డేవిడ్‌రాజు ఎడంచేతి చూపుడువేలితో నెమ్మదిగా నాలుగు దెబ్బలు కొట్టాడు. మిషను ఆ నడక అందుకుంది, కీబోర్డు మిషనుని అందుకుంది. కూర్మయ్య వాయించాడు. రెండో చరణంలో, రేఖ తడబడే ఆ చోటికి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే ఆ వేలు మళ్లీ బటను మీద ఆడింది. అన్నీ కలిసి రవ్వంత నెమ్మదించాయి. కూర్మయ్య వేళ్లు కూడా. తల తిప్పి చూడలేదు.

టీ తాగుతూ కూర్మయ్య అడిగాడు: "ప్రోగ్రాములకి రా బావా. పక్కన కూకుంటే సాలు."

"నలుగురి ముందు ఒంటి చేత్తో బటను నొక్కీ పని నాకొద్దు. ఇంకోపాలి అడక్కు."

కూర్మయ్య మళ్లీ అడగలేదు. మూడింటి బస్సుకి తిరిగి వచ్చేశాడు.

ఆ చలికాలం తొమ్మిది ప్రోగ్రాములు వచ్చాయి. కొత్త పాట ఏదైనా ఒప్పుకుంటే, రేఖకి ఊపిరి అందే నడక కోసం ముందురోజు పాతపట్నం ఫోన్ చేస్తాడు. పాట పేరు చెబుతాడు. డేవిడ్‌రాజు ఫోన్ కవరు మీద వేలితో నాలుగు దెబ్బలు కొడతాడు. ఇక్కడ కూర్మయ్య ఆ నాలుగూ తన మిషను బటను మీద కొడతాడు.

"కుదిరినాదా?"

"కుదిరినాది."

ఆ తర్వాత చెప్పుకోవలసింది ఇద్దరికీ ఏమీ ఉండదు. అయినా వెంటనే ఎవరూ ఫోన్ పెట్టెయ్యరు. అటువైపు ఎలీసమ్మ గిన్నెలు కడిగే చప్పుడు వినిపిస్తూ ఉంటుంది.